ముడి వేయని కుట్టు

కోరుట్లలో నేను కుట్టు దుకాణం పెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో నా కుట్టు ఊడిందని ఎవరూ వాపసు తీసుకురాలేదు, ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి ఊడేలా నేనే కుట్టాను. ఒకటి కాదు, అరవై డ్రెస్సులు. తెలిసే కుట్టాను. ఈ సంగతి ఇప్పుడు చెప్పడం క్షమించమని అడగడానికి కాదు. అప్పుడూ అడగలేదు, ఇప్పుడూ అడగను.

జగిత్యాలలో ఒక సంఘం ఉంది. పేరు చెప్పను, చెప్పాల్సిన పని కూడా లేదు, వాళ్ళ పేరు వాళ్ళే ఊరంతా రాసుకుంటారు. అందులో డాక్టర్లు, బట్టల దుకాణాల వాళ్ళు, రైసుమిల్లు వాళ్ళు, రిటైరైన సార్లు ఉన్నారు. అందరూ మగవాళ్ళే. ఒకరినొకరు "సోదరా" అని పిలుచుకుంటారు. తిట్టుకునేటప్పుడు కూడా సోదరా అనే తిట్టుకుంటారు, నేను విన్నాను. వాళ్ళంతా కలిసి ఆడపిల్లలకు ఒక హాస్టల్ నడుపుతారు. సిరిసిల్లలో సాంచలు నడిపేవాళ్ళ పిల్లలు అందులో ఎక్కువ. సాంచలంటే మా వైపు పవర్‌లూమ్‌లు. చందుర్తి, ఎల్లంతకుంట, ముస్తాబాద్ వైపు నుంచి కూడా పిల్లలు వస్తారు, వాళ్ళలో చాలామంది తండ్రులు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటారు. తిండి, పడక, పుస్తకాలు, సాయంత్రం ట్యూషన్ అన్నీ సంఘానివే. పగలు సర్కారు బడికి వెళ్ళి చదువుకుంటారు.

ఉన్నమాట చెప్పాలి, మంచి హాస్టల్. ప్రతి ఆదివారం అధ్యక్షుడు స్వయంగా వచ్చి వంటింట్లో పప్పు రుచి చూసేవాడు. నీళ్ళగా ఉంటే వంటామెను కాదు, సరుకులు తెచ్చిన సోదరుణ్ణి పట్టుకుని దులిపేవాడు. ఆ హాస్టలే లేకపోతే ఆ పిల్లల్లో సగం మంది ఇంట్లో కూర్చుని బీడీలు చుడుతూ ఉండేవాళ్ళు. నా కోపం వాళ్ళు పెట్టినదాని మీద కాదు. కుడిచేత్తో చేసిన దానం ఎడమచేతికి తెలియకూడదంటారు. వీళ్ళ కుడిచెయ్యి చేసిన దానం జగిత్యాల బస్టాండు దాకా తెలియాలి. అక్కడే నాకు చిర్రెత్తేది.

ఆ పిల్లల బట్టలు ఆరేళ్ళ పాటు నేనే కుట్టాను. అంతకు ముందు ఎవరో పెద్ద, మధ్య, చిన్న అని మూడు సైజులు కుట్టి మూటగట్టి పంపేవారట. ఆ పని నాకు వచ్చిన మొదటి ఏడే నేను అడ్డం తిరిగాను. కొలత తీసుకోకుండా కత్తెర పెట్టనన్నాను. పన్నెండేళ్ళ పిల్ల సైజు అంటూ లోకంలో ఒక సైజు ఉండదు. ఒకదాని భుజం ఎత్తు, ఒకదానికి చేతులు పొడుగు, ఇంకొకతె ఎదుగుతున్న ఒళ్ళు చూసి తానే సిగ్గుపడి ముడుచుకుంటుంది. ఆ ముడుచుకున్న భుజాలకు కొలత పెడితే డ్రెస్సు కూడా ముడుచుకునే ఉంటుంది. అందుకని ప్రతి జూన్ నెలలో బస్సెక్కి వెళ్ళి, ఒక్కొక్కతెను నిటారుగా నిలబెట్టి, "ఊపిరి పీల్చు బిడ్డా" అని కొలత రాసుకునేదాన్ని. వాళ్ళు నన్ను టైలరక్క అనేవారు. ఏడాదిలో అంగుళం పెరిగినవాళ్ళు నా దగ్గరికి వచ్చి గొప్పగా చెప్పుకునేవారు.

ఆరో ఏడు జూలైలో గుడ్డ కత్తిరించడం మొదలుపెట్టాక అధ్యక్షుడు ఫోన్ చేశాడు. అరవై దాటిన మనిషి. నన్ను చెల్లె అంటాడు, నేను అన్నా అంటాను.

"చెల్లె, ఈసారి డ్రెస్సుల ఈపు మీద అక్షరాలు కుట్టాలె. సంఘం వారి సాయం అని. ఎర్ర దారం, దూరం నుంచి కండ్లవడాలె."

"ఈపు మీదెందుకన్నా? జేబు మీద చిన్నగ కుడ్త."

"జేబు మీద ఎవలు సూస్తరు? పిల్లలు లైన్ల బడికి పోతుంటరు. ఎనుకనుంచి అచ్చేటోళ్ళు సదువుతరు. పేరు కనవడితెనే ఇంకో నలుగురు దాతలు ముందుకస్తరు. ఇంకో పదిమంది పిల్లల్ని తీసుకోవచ్చు."

అబద్ధం చెప్పలేదు. ఆయన లెక్క ఆయనది. కానీ నాకు వీపు మండింది. మండిందంటే ఊరికే అనడం కాదు. నా వీపు మీద ఒకప్పుడు అక్షరాలున్నాయి.

మాది సిరిసిల్ల. మా బాపు సాంచలున్న ఒక ఆసామి దగ్గర వాటి మీద పనిచేసేవాడు, అమ్మ ఇంట్లో రాట్నం మీద నూలు కండెలు చుట్టేది. నేను నాలుగో తరగతిలో ఉన్నప్పుడు ఏదో సంఘం వాళ్ళు వచ్చి బడిలో గౌన్లు పంచారు. వెనక పెయింటుతో అక్షరాలు అచ్చువేసి ఉన్నాయి. అందులో చివరి మాట సాయం. అది వేసుకున్న రెండో రోజు నుంచి బడిలో నా పేరు పోయింది. "ఏయ్ సాయం, ఇటు రా." "సాయం పలక పట్టుకొచ్చిందా?" అమ్మ సున్నిపిండితో రుద్దింది, సోడా వేసి ఉడకబెట్టింది. గుడ్డ వెలిసింది గాని అక్షరాలు పోలేదు. నేను గోడకు ఆనుకునే బెంచీ మీద కూర్చోవడం నేర్చుకున్నాను. బోర్డు దగ్గరికి రమ్మంటే లెక్క వచ్చినా రాదని చెప్పేదాన్ని, ఎందుకంటే బోర్డు మీద రాయాలంటే అందరికీ వీపు చూపించాలి. ఆ గౌను వల్లే చదువు మానేశానంటే అబద్ధమవుతుంది. తొమ్మిదిలో మానేశాను, దానికి ఇంట్లో వేరే కష్టాలున్నాయి. కానీ చదువు మీద ఇష్టం మాత్రం ఆ గౌనుతోనే తగ్గడం మొదలైంది. ఆ మాట ఎవరి ముందైనా చెబుతాను.

వద్దని అధ్యక్షుడికి రెండుసార్లు చెప్పాను. రెండోసారి ఆయన గొంతు మారింది.

"దానమిచ్చిన ఆవు పండ్లు లెక్కవెడ్తరా చెల్లె? నీకు కుదరకపోతె చెప్పు, జగిత్యాలల దుకాణాలకు కరువా?"

ఆ అరవై డ్రెస్సుల పనే నా దుకాణానికి వెన్నెముక. నా దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు కుడతారు. మా ఆయన మస్కట్‌లో ఉన్నాడు, ఆ ఏడు అక్కడ పని సరిగ్గా లేదు. సరేనన్నాను. నోరు ఒప్పుకుంది, చేతులు ఒప్పుకోలేదు.

మగ్గం వర్కు నేర్చినవాళ్ళకు గొలుసు కుట్టు తెలుసు. సన్నటి కొక్కెం సూదితో దారాన్ని కింది నుంచి పైకి లాగుతూ, ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు తీస్తూ పోతాం. పైకి చూస్తే చిన్న గొలుసులా అందంగా ఉంటుంది. చివర లోపలి వైపు ముడి వేస్తే ఏళ్ళ తరబడి కదలదు. ముడి వేయకపోతే, ఆ చివర పట్టుకుని లాగితే చాలు, మొత్తం సర్రున వచ్చేస్తుంది. బియ్యం సంచి మూతి విప్పినవాళ్ళందరికీ ఈ కిటుకు తెలుసు. సరైన కొస దొరికితే కత్తి అక్కర్లేదు.

అరవై వీపుల మీద సంఘం వారి సాయం అని ఎర్రగా, గుండ్రంగా కుట్టాను. దారం ఎక్కడా తెంపకుండా, ఒక అక్షరం తోక ఇంకో అక్షరం తలకు కలిసేలా కుట్టాను. మూడు వారాలు పట్టింది. నా దగ్గర కుట్టే ఆడవాళ్ళను అక్షరాల మీద చెయ్యి పెట్టనివ్వలేదు, పాపమైతే నాకే రావాలని. ఏ ఒక్కదానికీ చివర ముడి వేయలేదు. లోపలి వైపు అంగుళం పోగు వేలాడనిచ్చాను. డ్రెస్సులు చూసి అధ్యక్షుడు నా చేతిపనిని మెచ్చుకున్నాడు. నేను తల వంచుకుని మెచ్చుకోలు తీసుకున్నాను.

నా ఆలోచన ఏమిటంటే, దసరా సెలవుల్లో ఇళ్ళకు పోయినప్పుడు ఏ తల్లో ఆ పోగు చూస్తుంది, నెమ్మదిగా ఒకటొకటే పోతాయి, ఉతుకుల్లో పోయాయని నేనంటాను. ఇక్కడే పొరపాటు చేశాను. సాంచల వాళ్ళింట్లో పుట్టి నేనే మరిచిపోయాను. మా ఇళ్ళల్లో వేలాడే పోగును ఎవరూ ఉంచరు. సాంచ మీద ఒక్క పోగు వేలాడితే అది పక్క పోగులను పట్టుకుని తెంపుతుంది, సాంచ ఆగుతుంది, గుడ్డ చెడుతుంది. అందుకని మాకు నడక రాకముందే చేతులకు ఆ బుద్ధి వస్తుంది. పోగు కనపడితే లాగేస్తాం. ఎవరి చీర కొంగైనా సరే, పెళ్ళి పందిట్లోనైనా సరే. అలాంటి పిల్లల ముందు అంగుళం పోగు వదిలి అది దసరా దాకా ఆగుతుందనుకున్నాను.

జెండా పండుగ నాటికే ఒకటి పోయింది. ఆ పొద్దున పిల్లలు కొత్త డ్రెస్సులు తొడుక్కుని హాస్టల్ నుంచి బడికి లైనులో నడిచారు. ఫోటోలు తీసే మనిషి వెనక నుంచి తీశాడు, అందుకే కదా అక్షరాలు వీపు మీద పెట్టింది. ఫోటోలో యాభై తొమ్మిది వీపులు సాయం అంటున్నాయి. ఒక్క వీపు ఏమీ అనడం లేదు. అది సిరిసిల్ల పిల్ల, పదో తరగతి. తండ్రి సాంచల మీద పని, తల్లి కండెలు చుడుతుంది. అచ్చం మా ఇల్లే. బాగా చదివే పిల్ల. కొలతలు తీసేటప్పుడు నా టేపు లాక్కుని, సెంటీమీటర్లను అంగుళాల్లోకి నాకంటే ముందు నోటితో చెప్పేది. పదో తరగతి అయ్యాక పాలిటెక్నిక్‌లో చేరతానని నాతో చెప్పింది.

ఆ శనివారం హాస్టల్ వార్డెనమ్మ ఫోన్ చేసింది.

"రేపు మీటింగున్నది, నువ్వు అక్షరాల సామాను పట్టుకొని రా. గా సిరిసిల్ల పొల్ల కావాల్నని ఊడవీకిందట. దాన్ని ఇంటికి పంపిస్తున్నరు. దాని డ్రెస్సు ఇంకొకలకు ఇస్తరు, మళ్ళ కుట్టాలె."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి మెడ మీదికి పోయింది. ఊడబీకింది ఆ పిల్ల కాదు, నేను. ఆ మాట ఫోన్‌లో చెప్పలేదు. చెప్పాల్సింది.

ఆదివారం పది గంటలకు హాస్టల్‌కు చేరేసరికి మెట్ల మీద ఆ పిల్ల తల్లి కూర్చుని ఉంది. పక్కన రేకు పెట్టె, దాని మీద చుట్టిన బొంత. అప్పటికే సర్దేశారన్నమాట.

"ఇంక మీటింగే కాలే, పెట్టె బయట వెట్టిండ్రు అక్కా," అంది. "నా బిడ్డ ఏం తప్పు జేసింది? నడిమిట్ల తీస్తె ఈ ఏడు పది పరీక్ష ఎట్ల రాస్తది? సిరిసిల్లల మాకు ఉన్నదే ఒక్క అర్ర, అండ్ల కండెల రాట్నం. ఎక్కడ కూసొని సదువుతది?"

 పెట్టె తీసుకుని మెట్ల మీది నుంచి లోపలి గోడవారగా పెట్టాను. అంతే చేయగలిగాను ఆ క్షణంలో.

మీటింగు భోజనాల హాల్లో. సోదరులు ఇరవై మంది కుర్చీల్లో కూర్చున్నారు. ఆడవాళ్ళకు కుర్చీలుండవు. వార్డెనమ్మ, ఆ తల్లి, నేను తలుపు దగ్గర నిలబడ్డాం. పిల్లను మధ్యలో నిలబెట్టారు. అధ్యక్షుడి ముందు బల్ల మీద రెండు డ్రెస్సులు, ఒకటి అక్షరాలు పోయినది, ఇంకోటి అక్షరాలున్నది. తేడా చూపించడానికి.

"ఎందుకు వీకినవ్?" అన్నాడు అధ్యక్షుడు.

"వీకలే సార్. లోపల పోగు ఏలాడుతుంటె గుంజిన. ఏలాడే పోగు ఉంచద్దని మా బాపు చెప్తడు."

"పోగు గుంజితె అక్షరాలన్ని పోతయా? గింత పెద్ద అబద్ధమా?"

పిల్ల ఏడవలేదు. నిటారుగా నిలబడింది, నేను కొలత తీసేటప్పుడు నిలబెట్టినట్టే. నేను చెప్పాల్సిన మాట చెప్పలేదు. అరవై డ్రెస్సులు, నా ఇద్దరు ఆడవాళ్ళు, మస్కట్ ఫోన్లు, అన్నీ నోటికి అడ్డం పడ్డాయి. ఆ రెండు నిమిషాల మౌనానికి మాత్రం నేను ఈరోజుకీ సిగ్గుపడతాను. ఇందులో నేను సిగ్గుపడేది అదొక్కటే.

అధ్యక్షుడు అక్షరాలున్న డ్రెస్సు అందుకుని సోదరులకు ఉపన్యాసం మొదలుపెట్టాడు. కృతజ్ఞత అన్నాడు. క్రమశిక్షణ అన్నాడు. పెట్టే చెయ్యిని కరిచే రోజులు వచ్చాయన్నాడు. మాట్లాడుతూ డ్రెస్సును తిప్పాడు, లోపలి వైపు పైకి వచ్చింది. ఆయన కళ్ళు సోదరుల మీదే ఉన్నాయి. ఆయన వేళ్ళకు మాత్రం పోగు తగిలింది.

ఆయన తండ్రి చేతిమగ్గం మీద నేసినవాడు. ఆయన చిన్నప్పుడు కండెలు చుట్టినవాడు. ఇప్పుడు ఆయనకు ఎంత పెద్ద బట్టల దుకాణం ఉన్నా ఆ చేతులు ఆ చేతులే. బొటనవేలు, చూపుడు వేలు ఆ పోగును పట్టుకున్నాయి, చిన్నగా లాగాయి. దారం రాగానే అలవాటుగా వేలికి చుట్టాయి. ఇంకొంచెం లాగాయి, ఇంకొంచెం చుట్టాయి. ఆయన కృతజ్ఞత గురించే మాట్లాడుతున్నాడు. సాయం పోయింది. తర్వాత వారి పోయింది. సంఘం సగం పోయాక ముందు వరసలో ఒకాయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. అధ్యక్షుడు కిందికి చూసుకున్నాడు. వేలికి ఎర్ర దారం కండెలా చుట్టి ఉంది.

 ఆయన నా వైపు తిరిగాడు.

"ఇది నీ కుట్టే గద చెల్లె. ముడి ఎందుకెయ్యలే?"

పక్కనే ఉన్న కార్యదర్శి మంచివాడు, గొడవలంటే భయం. నాకు దారి చూపించాడు. "పని మీద పనయి మర్చిపోయి ఉంటది. గంతే గదమ్మా? పొరపాటున మర్చిపోయినవ్ గద?"

అవునంటే అయిపోయేది. పిల్ల ఉండేది, నా పని ఉండేది, అరవై డ్రెస్సులకూ కూర్చుని ముడులు వేసి ఇచ్చేదాన్ని. ఆ ముడులు తలుచుకోగానే నోరు తెరిచాను.

"మర్చిపోలే," అన్నాను. "కావాల్ననే ఎయ్యలే. అరవైంటికీ ఎయ్యలే. తప్పంటె నాది, పొల్లది కాదు. అన్నా, అరవై ఏండ్ల మనిషివి, గింతమందిల మాట్లాడుతుండంగ నీ చేతులే ఆగలే. పదిహేనేండ్ల సాంచల పొల్ల చేతులు ఎట్లాగుతయ్?"

"దాతల పేరు పెట్టద్దా? మేం పెడ్తున్నది అబద్ధమా?"

"అబద్ధం కాదు. నీ పప్పు నిజం, నీ పుస్తకాలు నిజం, నేను ఎక్కడైనా చెప్త. పేరు గావాల్నంటె గేటుకు రాసుకోండ్రి, గోడకు రాసుకోండ్రి. గోడకు సిగ్గుండదు, పిల్ల ఈపుకు ఉంటది. నాలుగో తరగతిల నా ఈపు మీద రాసిండ్రు. ఇయ్యాల్టికి గా బడిల నా పేరు ఎవ్వలకు యాదికి లేదు. ఈ ఇరవై మందిల ఒక్క సోదరుడు సాయం అని ఈపు మీద ఏసుకొని బజార్ల ఒక్క రోజు తిరుగుండ్రి. తిరిగినంక నేను అరవైంటికీ ముడులేస్త, ఊడకుండ."

ఎవరూ లేవలేదు. తలుపు దగ్గర ఆ తల్లి నా చెయ్యి పట్టుకుంది. ఆపమనో, ఆపొద్దనో నాకు తెలియలేదు. నేనైతే ఆపలేదు.

"దీన్ని పంపిస్తె నన్ను గూడ పంపుండ్రి. గాని మీ ఫోటోల యాభై తొమ్మిది ఈపులున్నయ్. రేపటిసంది అందరికీ పోగెక్కడున్నదో ఎర్కైతది. ఎందర్ని పంపుతరు?"

అధ్యక్షుడు వేలికి చుట్టిన దారాన్ని ఊడదీశాడు. పారేయలేదు, మా వాళ్ళు దారం పారేయరు. జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నా వైపు చూడకుండా, పిల్ల తల్లితో అన్నాడు.

"పెట్టె లోపల వెట్టుకో అమ్మా."

తల్లి పరుగెత్తింది. అప్పుడు నాతో అన్నాడు. "నువ్వు మాత్రం క్షమాపణ ఉత్తరం రాసియ్యాలె. సంఘం మర్యాద ఉన్నది."

"రాస్తనన్నా," అన్నాను. "గాని గొలుసు కుట్టుతోనే రాస్త."

ఈసారి ముందు వరసలో కూర్చున్నాయన దగ్గలేదు, బాహాటంగానే నవ్వాడు. అధ్యక్షుడు నవ్వలేదు. ఆ ఉత్తరం ఎవరూ మళ్ళీ అడగలేదు, నేను ఇవ్వలేదు.

ఆ మరుసటి జూన్‌లో నాకు ఫోన్ రాలేదు. నా దగ్గర కుట్టే ఇద్దరిలో ఒకామెను పంపించాల్సి వచ్చింది. అది నా తప్పుకు నేను కట్టిన వెల అని కొందరన్నారు. నా దుకాణానికి తగిలిన దెబ్బ అంటే ఒప్పుకుంటాను, తప్పంటే ఒప్పుకోను. ఆ పిల్ల పది పాసై పాలిటెక్నిక్‌లో చేరిందని వార్డెనమ్మే చెప్పింది. హాస్టల్ గేటు మీద సంఘం పేరు మనిషంత అక్షరాలతో రాయించారని కూడా చెప్పింది. రాసుకోనీ.

జూలైలో ఒక పొద్దున ఏదో పని మీద జగిత్యాల వెళ్తున్నాను. బస్సు బడి దగ్గర ఆగింది. కిటికీలోంచి చూస్తే హాస్టల్ పిల్లలు లైనులో నడుస్తున్నారు, కొత్త డ్రెస్సుల్లో, నాకు వీపులు చూపిస్తూ. నేను సీటులోంచి లేచి నిలబడి చివరి పిల్ల దాకా చూశాను. ఒక్క వీపు మీద కూడా ఒక్క అక్షరం లేదు.

కుట్టినవాడెవడో కొలతలు తీసుకోలేదు. భుజాలన్నీ జారిపోయి ఉన్నాయి.